కమాండ్ లైన్ స్క్రిప్టులో ఆర్గ్యుమెంట్ ఎవరి చేతిలో చిక్కుకుంది? ఫ్రేమ్‌వర్కులు వాడేవాళ్ళకు సమగ్ర మార్గదర్శి

స్క్రిప్టు మీ ల్యాప్‌టాప్‌లో బాగానే నడుస్తుంటుంది. దానికి ఒక గ్రాఫిక్స్ ఫ్రేమ్‌వర్కో, వెబ్ పేజీల నుంచి సమాచారం లాగే ఫ్రేమ్‌వర్కో జోడించగానే, నిన్నటిదాకా పనిచేసిన అదే కమాండు "ఈ ఆప్షన్ నాకు తెలియదు" అని మొరాయిస్తుంది. అలా మొరాయించినా నయమే. కొన్నిసార్లు ఏ ఎర్రరూ లేకుండా తప్పు తేదీకి జవాబు ఇచ్చేస్తుంది. అనంతపురం, కర్నూలు, కడప కాలేజీల్లో ప్రాజెక్టులు చేసే పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది దీని గురించే. అడిగేలోపే చాలామంది తమ పార్సర్ కోడంతా, అంటే కమాండులోని ఆప్షన్లను చదివే భాగమంతా, ఒకసారి తిరగరాసి ఉంటారు. అక్కడ తప్పేమీ ఉండదు. మీ కోడ్ చూసేలోపే ఆ ఆర్గ్యుమెంట్‌ను, అంటే కమాండులో మీరిచ్చిన మాటను, ఇంకెవరో తీసేసుకుని ఉంటారు. ఎవరు తీసుకున్నారో తేలితే, సరిచేయడం రెండు మూడు లైన్ల పని.

ఉదాహరణకు ధరలు.పివై అనే పైథాన్ స్క్రిప్టును తీసుకుందాం. మార్కెట్ యార్డుల ధరలు తెచ్చి చూపిస్తుంది. --మార్కెట్, --పంట, --తేదీ, --యూనిట్, --గ్రాఫ్ దాని ఆప్షన్లు. ఆదోనిలో పత్తి ధర క్వింటాలు లెక్కన చెబుతారు, అనంతపురంలో చీనీ (బత్తాయి) ధర టన్ను లెక్కన. కాబట్టి ఒక్క ఆర్గ్యుమెంట్ దారి తప్పినా స్క్రీన్ మీద కనిపించే అంకె అర్థమే మారిపోతుంది. చీనీ తోట అమ్ముకునే రైతు ఆ అంకె చూసే బేరం ఆడతాడు, అందుకే దీన్ని చిన్న విషయంగా వదిలేయకూడదు.

కమాండ్లు, ఫంక్షన్ పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో రాశాను. టైప్ చేసేటప్పుడు మామూలుగా ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టండి.

మొదటి అడుగు: లైను ఎవరెవరిని దాటి వస్తుందో రాసుకోండి

మీరు ఎంటర్ కొట్టిన లైనును ముందు షెల్ చదువుతుంది. బ్యాష్ కావచ్చు, విండోస్ కమాండ్ ప్రాంప్ట్ కావచ్చు, పవర్‌షెల్ కావచ్చు. బ్యాష్ అయితే ఖాళీల దగ్గర ముక్కలు చేయడం, కోట్స్ తీసేయడం, నక్షత్రం గుర్తును ఫైళ్ళ పేర్లుగా మార్చడం దాని పని. తర్వాత స్క్రిప్టును నడిపే ప్రోగ్రామ్ చదువుతుంది. అది పైథాన్ కావచ్చు, స్ట్రీమ్‌లిట్, స్పార్క్-సబ్మిట్, పైటెస్ట్ లాంటి లాంచర్ (మీ స్క్రిప్టును తానే మొదలుపెట్టి నడిపే ప్రోగ్రామ్) కావచ్చు. మూడోది మీరు ఇంపోర్ట్ చేసుకున్న ఫ్రేమ్‌వర్క్. ఆర్గ్‌పార్స్ అనేది ఆప్షన్లు చదవడానికి పైథాన్‌తోనే వచ్చే మాడ్యూల్; దానితో మీరు రాసిన కోడ్ వంతు అన్నిటికంటే చివర వస్తుంది.

పైథాన్‌కే సొంత ఆప్షన్లు ఉన్నాయని చాలామందికి గుర్తుండదు. "పైథాన్ -వి ధరలు.పివై" అంటే ఆ -వి పైథాన్‌ది. "పైథాన్ ధరలు.పివై -వి" అంటే అది మీది. ఫైలు పేరుకు ముందు ఉన్నది నడిపేవాడికి, తర్వాత ఉన్నది స్క్రిప్టుకు. స్పార్క్-సబ్మిట్‌లో కూడా ఇదే పద్ధతి. సగం సమస్యలు ఆ పేరుకు అటూ ఇటూ మార్చగానే తీరిపోతాయి.

రెండో అడుగు: ప్రతి గుమ్మం దగ్గరా ప్రింట్ చేసి చూడండి

డీబగ్గర్ అక్కర్లేదు. స్క్రిప్టు మొట్టమొదటి లైన్లలో, వేరే ఏ ఇంపోర్టూ రాకముందే, సిస్ మాడ్యూల్ తెచ్చుకుని, స్క్రిప్టుకు చేరిన ఆర్గ్యుమెంట్ల లిస్టు (సిస్.ఆర్గ్‌వి) కనిపించేలా ఇలా రాయండి:

ప్రింట్(యాస్కీ(సిస్.ఆర్గ్‌వి))

ఫ్రేమ్‌వర్క్ ఇంపోర్ట్ అయిన వెంటనే అదే లైను మళ్ళీ రాయండి. ఆర్గ్‌పార్స్ చదవడం మొదలుపెట్టే పార్స్_ఆర్గ్స్ పిలుపుకు సరిగ్గా ముందు ఇంకోసారి. ఈ మూడు ప్రింట్లు పక్కపక్కన పెట్టి చూస్తే కథంతా బయటపడుతుంది. మొదటి ప్రింట్‌లోనే తప్పుగా ఉంటే షెల్‌నో లాంచర్‌నో అనుమానించాలి. మొదటిదాంట్లో సరిగ్గా ఉండి రెండోదాంట్లో తగ్గితే ఫ్రేమ్‌వర్క్ తినేసింది. మూడూ సరిగ్గా ఉంటేనే మీ పార్సర్ కోడ్ తెరవండి. రెండో ప్రింట్ అసలు రాకుండానే ప్రోగ్రామ్ ఆగిపోతే, ఇంపోర్ట్ జరుగుతుండగానే ఎవరో మీ ఆప్షన్లు చదివి నచ్చక బయటికి వెళ్ళిపోయారని అర్థం.

మామూలు ప్రింట్ కాకుండా యాస్కీ ఫంక్షన్ ఎందుకు వాడమంటున్నానంటే, కంటికి కనిపించని అక్షరాలను అది కోడ్ నంబర్లుగా బయటపెడుతుంది. తెలుగు విలువలు ఇచ్చే స్క్రిప్టులకు ఇది లేకపోతే గుడ్డిగా వెతుక్కోవాల్సిందే. దీని అవసరం నాలుగో అడుగులో వస్తుంది.

మూడో అడుగు: ఎర్రర్ మాట్లాడుతున్నది ఎవరో పోల్చుకోండి

నాలుగు మాటలు వినగానే యాసను బట్టి మనిషి కర్నూలు వైపా కడప వైపా అని పోల్చుకుంటాం కదా, ఎర్రర్ మెసేజ్‌కూ అలాంటి యాస ఉంటుంది. ఆర్గ్‌పార్స్ అయితే ముందు యూసేజ్ లైను, దాని కింద స్క్రిప్టు పేరు, కోలన్, ఎర్రర్ అనే మాట, తర్వాత "అన్‌రికగ్నైజ్డ్ ఆర్గ్యుమెంట్స్" అని చిన్న అక్షరాల్లో వస్తుంది. క్లిక్ (ఆప్షన్లు చదివే ఇంకో లైబ్రరీ) అయితే "హెల్ప్ కోసం ఇది ప్రయత్నించండి" అనే అర్థంలో ఒక లైను వేసి, కింద "నో సచ్ ఆప్షన్" అంటుంది. కివీ (గ్రాఫిక్స్ ఫ్రేమ్‌వర్క్) అయితే చదరపు బ్రాకెట్లలో ఎర్రర్, కోర్ అన్న మాటలతో మొదలై "ఆప్షన్ నాట్ రికగ్నైజ్డ్" అంటుంది. ఆ వెనకాల తన సొంత యూసేజ్ పేజీ గుమ్మరిస్తుంది.

ఎగ్జిట్ కోడ్, అంటే ప్రోగ్రామ్ ముగిసేటప్పుడు వదిలే అంకె, కూడా చూడండి. బ్యాష్‌లో ఎకో చేసి డాలర్ ప్రశ్నార్థకం, విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఎకో చేసి, రెండు పక్కలా శాతం గుర్తులు పెట్టిన ఎర్రర్‌లెవెల్. 2 వస్తే ఏదో ఒక పార్సర్ ఆప్షన్లు నచ్చక ఆపేసినట్టు. ఆర్గ్‌పార్స్, క్లిక్, కివీ మూడూ ఇక్కడ 2నే ఇస్తాయి. 1 వస్తే చాలావరకు మీ కోడ్ లోపల ఎక్కడో ఎక్సెప్షన్ పడింది. 0 వచ్చి పని మాత్రం జరగకపోతే, ఎవరో హెల్ప్ చూపించి మర్యాదగా ముగించి ఉండొచ్చు.

నాలుగో అడుగు: షెల్, కాపీ-పేస్ట్ చేసే పాడు పనులు

మన దగ్గర కమాండ్లు వాట్సాప్‌లో చేతులు మారతాయి, లేదంటే వర్డ్ ఫైల్లో రాసి పంపుతారు. అక్కడ రెండు మైనస్ గుర్తులు కలిసిపోయి ఒక పొడవాటి డ్యాష్ అవుతాయి. నిటారుగా ఉండే కోట్స్ వంకర కోట్స్ అవుతాయి. కంటికి తేడా తెలియదు. ఆర్గ్‌పార్స్‌కు మాత్రం అది ఆప్షనే కాదు, మామూలు మాట. యాస్కీ ప్రింట్‌లో 2013 లేదా 2014 అన్న కోడ్ కనిపిస్తే ఆ డ్యాష్ చెరిపేసి చేత్తో కొట్టండి. ఇంకెవరికైనా కమాండ్ పంపాలంటే టెక్స్ట్ ఫైలుగా పంపడం మంచిది.

తెలుగు విలువలకు ఇంకో చిక్కు ఉంది. ఫోన్ కీబోర్డులో "కర్నూల్" అని కొట్టినప్పుడు చివరి పొల్లు తర్వాత కనిపించని అక్షరం ఒకటి చేరే అవకాశం ఉంది. దాని కోడ్ 200సి. మీ ఛాయిసెస్ జాబితాలో (ఆప్షన్‌కు ఒప్పుకునే విలువల్లో) ఉన్న కర్నూల్, వచ్చిన కర్నూల్ రెండూ స్క్రీన్ మీద ఒకటే. కంప్యూటర్‌కు వేరు. స్ట్రిప్ ఫంక్షన్ దీన్ని తీయదు, ఎందుకంటే పైథాన్ లెక్కలో అది ఖాళీ కాదు. రీప్లేస్‌తో విడిగా తీసేయాలి.

విండోస్ నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసిన షెల్ స్క్రిప్టును లినక్స్‌లో నడిపితే, లైను చివరి ఆర్గ్యుమెంట్‌కు క్యారేజ్ రిటర్న్ అంటుకుని వస్తుంది. లైనులో చివర ఉన్నది --మార్కెట్ ఆదోని అయితే, "ఇన్వాలిడ్ ఛాయిస్" అంటూ ఆదోని పక్కన వెనక్కి వాలిన గీత, ఆర్ అక్షరం కనిపిస్తాయి. మధ్యలో ఉన్న ఆప్షన్లన్నీ బాగుండి చివరిది మాత్రమే పాడైతే మొదటి అనుమానం దీని మీదే పెట్టుకోండి. ఫైలును యునిక్స్ లైను ముగింపులతో సేవ్ చేస్తే పోతుంది.

మిగతావి త్వరగా చెప్తాను. ఖాళీ ఉన్న పేరు ఇస్తే కోట్స్ పెట్టాలి. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో సింగిల్ కోట్స్‌కు విలువ లేదు, డబుల్ కోట్స్ వాడాలి. వెబ్ అడ్రసు ఇచ్చేటప్పుడు కోట్స్ మరిచిపోతే, అందులో ఉన్న & గుర్తు దగ్గర బ్యాష్ కమాండును అక్కడికి తెంపేసి బ్యాక్‌గ్రౌండ్‌లో నడుపుతుంది. అడ్రసులో మార్కెట్ పేరు చేరి తేదీ చేరకపోతే కారణం ఇదే కావచ్చు. పాత విండోస్ పవర్‌షెల్ 5.1లో జేసన్ విలువలు ఇస్తే లోపలి డబుల్ కోట్స్ ఊడిపోతాయి. అలాంటివి ఫైల్లో పెట్టి ఫైలు పేరు ఇవ్వడమే నయం.

అయిదో అడుగు: ఏ ఫ్రేమ్‌వర్క్ ఏం చేస్తుంది

కివీని వివరంగా చూద్దాం. ఇది అర్థమైతే మిగతావి సులువు. ప్రొద్దుటూరు నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేసి, "అన్నా, నేను --హెల్ప్ కొడితే నాది రాకుండా ఎవరిదో హెల్ప్ వస్తాంది" అన్నాడు. ఆర్గ్‌పార్స్ కోడ్ నిక్షేపంగా ఉంది. కాకపోతే ఫైలు పైభాగంలో కివీ ఇంపోర్ట్ ఉంది. ఆ ఇంపోర్ట్ లైను నడిచిన క్షణంలోనే కివీ సిస్.ఆర్గ్‌వి తీసుకుని గెట్‌ఆప్ట్ (ఆప్షన్లు చదివే ఇంకో పైథాన్ మాడ్యూల్)తో చదువుతుంది. తనకు తెలిసిన ఆప్షన్లు వాడుకుంటుంది, తెలియనిది కనిపిస్తే యూసేజ్ చూపించి 2తో ఆగిపోతుంది. మీ పార్సర్ వంతే రాదు.

ఇక్కడ ఒక ప్రయోగం చేసి చూడండి. "ధరలు.పివై --మార్కెట్ ఆదోని" అంటే కివీ ఆపేస్తుంది. స్క్రిప్టు మార్కెట్ పేరును ఆప్షన్‌గా కాకుండా నేరుగా తీసుకునేలా మార్చి, "ధరలు.పివై ఆదోని --తేదీ 05-04-2025" అని ఇస్తే ఏ గొడవా లేకుండా నడుస్తుంది. గెట్‌ఆప్ట్ ఆప్షన్ కాని మొదటి మాట దగ్గర చదవడం ఆపేసి, మిగిలినదంతా ముట్టుకోకుండా వదిలేస్తుంది కాబట్టి. "ఒక్కోసారి పనిచేస్తుంది, ఒక్కోసారి చేయదు" అని పిల్లలు చెప్పే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉండేది ఈ వరస తేడానే.

చిన్న ఆప్షన్లతో ఇంకా జాగ్రత్త. మీ లెక్కలో -ఎస్ అంటే మొదలు తేదీ అనుకున్నారు. కివీ లెక్కలో -ఎస్ అంటే ప్రస్తుత సెట్టింగులను కాన్ఫిగ్ ఫైల్లో సేవ్ చేయడం. ఎర్రర్ రాదు, మీ తేదీ రాదు, పైగా ఎవరూ అడగని ఫైలు ఒకటి మారిపోతుంది.

మందు రెండు రకాలు. కివీ_నో_ఆర్గ్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు 1 పెట్టండి. స్క్రిప్టులోనే పెడితే కివీ ఇంపోర్ట్‌కు ముందు లైనులో ఉండాలి, తర్వాత పెడితే పనికిరాదు. రెండోది, ఆప్షన్లకు ముందు విడిగా రెండు డ్యాష్‌లు ఇవ్వడం: "ధరలు.పివై -- --మార్కెట్ ఆదోని". కివీ ఆ డ్యాష్‌లు తీసేసి మిగతాది మీకు ఇస్తుంది. అయితే ఇది కివీ ముందు చదివి మీరు తర్వాత చదివితేనే కుదురుతుంది. మీ ఆర్గ్‌పార్స్ ముందు నడిస్తే, రెండు డ్యాష్‌ల తర్వాత ఉన్నదాన్ని ఆప్షన్‌గా చూడకుండా మామూలు మాటలుగా చూసి గొడవ చేస్తుంది. నేనైతే మొదటి మందే వాడమంటాను. వాడేవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సింది ఏమీ ఉండదు.

విడిగా పెట్టే ఆ రెండు డ్యాష్‌లు వేరే చోట్ల కూడా తగులుతాయి. స్ట్రీమ్‌లిట్‌లో "స్ట్రీమ్‌లిట్ రన్ యాప్.పివై -- --మార్కెట్ ఆదోని" అనాలి. ఎన్‌పిఎం రన్‌లోనూ అంతే. 3డి బొమ్మలు చేసే బ్లెండర్‌కు పైథాన్ స్క్రిప్టు ఇస్తే డ్యాష్‌ల తర్వాత ఉన్నవాటిని బ్లెండర్ పట్టించుకోదు, కానీ సిస్.ఆర్గ్‌విలో తన ఆప్షన్లతో సహా మొత్తం అలాగే ఉంచుతుంది. ఆ డ్యాష్‌లు ఎక్కడున్నాయో వెతికి, తర్వాతి భాగం మాత్రమే మీ పార్సర్‌కు ఇవ్వాలి.

వెబ్ పేజీల నుంచి సమాచారం లాగే స్క్రేపీ ధోరణి వేరు. అక్కడ కమాండ్ లైను మొత్తం స్క్రేపీదే. మీ విలువలు -ఎ తర్వాత పేరు=విలువ రూపంలో ఇవ్వాలి: "స్క్రేపీ క్రాల్ ధరలు -ఎ మార్కెట్=ఆదోని -ఎ రోజులు=7". సమానం గుర్తుకు అటూ ఇటూ ఖాళీ ఉండకూడదు. -ఎ బదులు -ఎస్ ఇస్తే అది స్పైడర్‌కు (పేజీలు చదవడానికి మీరు రాసిన కోడ్‌కు) కాకుండా సెట్టింగ్స్‌కు పోతుంది. ఎర్రర్ రాదు కాబట్టి ఇది పట్టుకోవడం కష్టం. ఇంకొకటి, -ఎతో వచ్చే ప్రతి విలువా స్ట్రింగే. ఆ 7 సంఖ్య కాదు, 7 అనే అక్షరం. ఇంట్‌గా మార్చుకోవడం మీ పని. ఒకే పేరు రెండుసార్లు ఇస్తే చివరిదే మిగులుతుంది, కాబట్టి "-ఎ మార్కెట్=ఆదోని -ఎ మార్కెట్=కడప" అంటే రెండు యార్డులు రావు. కామాతో కలిపి ఒకే విలువగా ఇచ్చి స్పైడర్‌లో విడగొట్టుకోండి. స్పైడర్‌కు సొంత ఇనిట్ రాస్తే, మిగిలిన కీవర్డ్ ఆర్గ్యుమెంట్లను కూడా తీసుకుని సూపర్ ఇనిట్‌కు పంపించాలి. లేకపోతే "అన్‌ఎక్స్‌పెక్టెడ్ కీవర్డ్ ఆర్గ్యుమెంట్" అని టైప్ ఎర్రర్ పడుతుంది. ఈ తలనొప్పి వద్దనుకుంటే క్రాలర్‌ప్రాసెస్ వాడి మామూలు స్క్రిప్టుగా రాయండి. అప్పుడు కమాండ్ లైను పూర్తిగా మీ ఆర్గ్‌పార్స్‌ది, స్పైడర్‌కు విలువలు క్రాల్ పిలుపులో నేరుగా ఇస్తారు.

వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో మేనేజ్‌మెంట్ కమాండు రాసేటప్పుడు పార్సర్‌ను మీరు సృష్టించరు, యాడ్_ఆర్గ్యుమెంట్స్ మెథడ్‌లో దాన్ని మీ చేతికి ఇస్తుంది. అందులో అప్పటికే వెర్బాసిటీ కోసం -వి, ఇంకా --వెర్షన్, --సెట్టింగ్స్, --పైథాన్‌పాత్, --ట్రేస్‌బ్యాక్ లాంటివి ఉంటాయి. మీరు వెరైటీ కోసం -వి పెట్టుకుంటే "కాన్‌ఫ్లిక్టింగ్ ఆప్షన్ స్ట్రింగ్" వస్తుంది. వేరే అక్షరం ఎంచుకోండి. కాల్_కమాండ్‌తో కోడ్ నుంచి పిలిచినప్పుడు ఇంకో తేడా ఉంది: కీవర్డ్‌గా ఇచ్చిన విలువలు మీ టైప్ ఫంక్షన్ (వచ్చిన మాటను కావాల్సిన రూపంలోకి మార్చేది) గుండా పోవు. టెర్మినల్ నుంచి ఇచ్చిన తేదీ డేట్ వస్తువుగా వస్తే, కాల్_కమాండ్ నుంచి ఇచ్చినది మీరు ఇచ్చిన స్ట్రింగ్‌గానే వస్తుంది. కమాండు పని చేసే హ్యాండిల్ మెథడ్ లోపల ఇది చూసుకోవాలి.

క్లిక్‌లో గ్రూప్ ఆప్షన్లు సబ్‌కమాండ్‌కు ముందే రావాలి, తర్వాత ఇస్తే "నో సచ్ ఆప్షన్". క్లిక్ పని ముగియగానే ప్రోగ్రామ్‌నే ముగిస్తుంది కాబట్టి, ఆ పిలుపు కింద రాసిన లైన్లు నడవవు. నడవాలంటే స్టాండలోన్_మోడ్‌కు ఫాల్స్ ఇవ్వాలి. క్లిక్ మీదే కట్టిన టైపర్‌లో ఫంక్షన్ పారామీటర్‌కు డిఫాల్ట్ ఇవ్వకపోతే అది ఆప్షన్ కాకుండా స్థానాన్ని బట్టి వచ్చే ఆర్గ్యుమెంట్ అవుతుంది. "--మార్కెట్ అంటే తెలియదంటోంది" అనే టైపర్ సమస్యకు మొదట చూడాల్సింది ఇదే.

జూపిటర్ నోట్‌బుక్‌లో పార్స్_ఆర్గ్స్ పిలిస్తే సిస్టమ్‌ఎగ్జిట్ 2 వస్తుంది. అక్కడ సిస్.ఆర్గ్‌విలో ఉన్నవి కెర్నల్ (నోట్‌బుక్ కోడ్‌ను నడిపే ప్రోగ్రామ్) తనకోసం పెట్టుకున్న -ఎఫ్, ఒక జేసన్ ఫైలు దారి. నోట్‌బుక్‌లో పార్స్_ఆర్గ్స్‌కు మీరే ఒక లిస్టు ఇవ్వండి, ఖాళీదైనా సరే.

డ్యాష్, అండర్‌స్కోర్ తేడాతో కూడా స్క్రిప్టులు విరుగుతాయి. పైటార్చ్ 2.0 నుంచి దాని పాత లాంచర్ మీ స్క్రిప్టుకు పంపే ఆప్షన్ పేరులో అండర్‌స్కోర్ పోయి డ్యాష్ వచ్చింది. పాత పేరే రాసుకున్న స్క్రిప్టులు ఆగిపోయాయి. మీ స్క్రిప్టు ముట్టుకోకుండానే విరిగితే, ఫ్రేమ్‌వర్క్ వెర్షన్ ఎప్పుడు మారిందో చూడండి.

ఆరో అడుగు: మీ కోడ్‌ను ఈ వరసలో పెట్టండి

మెయిన్ అనే ఫంక్షన్ రాసి, దానికి ఆర్గ్‌వి అనే పారామీటర్ ఇవ్వండి, డిఫాల్ట్ నన్. పార్స్ చేయడం ఆ ఫంక్షన్ లోపలే జరగాలి. ఫైలు పైభాగంలో పార్స్_ఆర్గ్స్ పిలిచి ఉంచితే, పైటెస్ట్ మీ ఫైలును ఇంపోర్ట్ చేసిన క్షణంలో పైటెస్ట్ ఆప్షన్లను మీ పార్సర్ చదివి ఆగిపోతుంది.

ఫ్రేమ్‌వర్క్‌కూ కొన్ని ఆప్షన్లు పోవాలి, మీకూ కొన్ని కావాలి అంటే పార్స్_నోన్_ఆర్గ్స్ వాడండి. అది రెండు వస్తువులు ఇస్తుంది, మీకు తెలిసినవి ఒకటి, మిగిలిపోయిన లిస్టు ఒకటి. ఆ మిగిలిన లిస్టుకు ముందు స్క్రిప్టు పేరు చేర్చి సిస్.ఆర్గ్‌విలో తిరిగి పెట్టండి. ఆ తర్వాతే ఫ్రేమ్‌వర్క్ ఇంపోర్ట్ చేయండి. ఆ ఇంపోర్ట్ మెయిన్ లోపలే ఉండాలి. పైన పెడితే వరస తప్పుతుంది. ఫైలు మధ్యలో విడిగా పెడితే, ఇంపోర్టులను సర్దే ఫార్మాటర్ ఏదో ఒకరోజు దాన్ని పైకి జరిపి అంతా పాడుచేయవచ్చు.

ఇక్కడ రెండు సెట్టింగులు తప్పనిసరి. మొదటిది అలౌ_అబ్రివ్ ఫాల్స్. ఆర్గ్‌పార్స్ మామూలుగా పొడవు ఆప్షన్లను కుదించి రాసినా ఒప్పుకుంటుంది. ఫ్రేమ్‌వర్క్‌కు ఉద్దేశించిన చిన్న పేరు మీ పెద్ద పేరుకు మొదటి భాగంలా కనిపిస్తే, అది మీదే అనుకుని లాగేసుకుంటుంది. పైథాన్ 3.5 నుంచి ఈ సెట్టింగ్ ఉంది. రెండోది, ఇది తొలి పార్సర్ మాత్రమే, హెల్ప్ వేరేవాళ్ళు చూపించాలి అంటే యాడ్_హెల్ప్ ఫాల్స్. లేకపోతే -హెచ్ కొట్టగానే మీ అర్ధ హెల్ప్ చూపించి ప్రోగ్రామ్ ముగుస్తుంది. జాంగో సొంత కోడ్ చూడండి. సెట్టింగ్స్, పైథాన్‌పాత్ ముందుగా తీసుకునే చోట సరిగ్గా ఈ రెండింటినీ ఫాల్స్ చేసి, పార్స్_నోన్_ఆర్గ్సే వాడుతుంది. ఫ్రేమ్‌వర్క్ రాసినవాళ్ళే పాటించే పద్ధతి కాబట్టి ధైర్యంగా వాడొచ్చు.

పార్స్_నోన్_ఆర్గ్స్‌తో ఒక ప్రమాదం ఉంది, దీని మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. మిగిలిపోయిన లిస్టును ఎప్పుడూ పారేయకండి. --తేదీలో ఒక అక్షరం తప్పు కొడితే అది నిశ్శబ్దంగా మిగిలిన లిస్టులోకి పోతుంది, స్క్రిప్టు డిఫాల్ట్‌గా ఈ రోజు తేదీ తీసుకుని ఈ రోజు ధర చూపిస్తుంది. చూసేవాడు అది పోయిన వారం ధర అనుకుంటాడు. మిగిలినవి ఫ్రేమ్‌వర్క్‌కు అప్పగించండి, అప్పగించడానికి ఎవరూ లేకపోతే పార్సర్.ఎర్రర్ పిలిచి ఆపేయండి. ఎర్రర్ పోవాలని పార్స్_ఆర్గ్స్ తీసేసి దీన్ని పెట్టమని చెప్పే సలహాలు చాలాచోట్ల కనిపిస్తాయి. అలా చేస్తే ఎర్రర్ కనిపించడం ఆగుతుంది, తప్పు అలాగే ఉంటుంది.

ఏడో అడుగు: ఆప్షన్ చేరింది, విలువ తప్పింది

"--గ్రాఫ్ ఫాల్స్" అన్నా గ్రాఫ్ వస్తోందా? టైప్=బూల్ అని రాసి ఉంటారు. ఖాళీ కాని ఏ స్ట్రింగ్ అయినా పైథాన్ లెక్కలో ట్రూనే, ఫాల్స్ అనే మాటతో సహా. యాక్షన్‌గా స్టోర్_ట్రూ వాడండి. అవును, కాదు రెండూ కావాలంటే పైథాన్ 3.9లో వచ్చిన బూలియన్‌ఆప్షనల్‌యాక్షన్ ఉంది, --నో-గ్రాఫ్ దానంతటదే వస్తుంది.

ఊరి పేర్లకు టైప్ ఫంక్షన్ రాయండి. ఇంగ్లీషులో అనంతపూర్, అనంతపురము రెండు రకాలుగా రాస్తారు. కడపకు పాత బ్రిటిష్ స్పెల్లింగ్ ఇంకా కొన్ని రికార్డుల్లో ఉంది. ఆర్గ్‌పార్స్ ముందు టైప్ ఫంక్షన్ నడిపి, ఆ తర్వాతే ఛాయిసెస్‌తో పోలుస్తుంది. కాబట్టి ఖాళీలు, క్యారేజ్ రిటర్న్, 200సి అక్షరం తీసేసి అన్ని స్పెల్లింగులనూ ఒకే పేరుకు మార్చే పని ఆ ఫంక్షన్‌లో పెట్టేయొచ్చు.

తేదీకి కూడా అంతే. 05-04-2025 అంటే మనకు ఏప్రిల్ 5, కొన్ని లైబ్రరీలకు మే 4. ఏ రూపంలో చదవాలో స్ట్రిప్‌టైమ్‌కు స్పష్టంగా చెప్పండి. కుదరకపోతే ఆర్గ్యుమెంట్‌టైప్‌ఎర్రర్ లేపి అందులో "తేదీ రోజు-నెల-సంవత్సరం వరసలో ఇవ్వండి" అని తెలుగులోనే రాయండి. వాడేవాళ్ళకు అది నేరుగా కనిపిస్తుంది.

విలువ డ్యాష్‌తో మొదలైతే "ఎక్స్‌పెక్టెడ్ వన్ ఆర్గ్యుమెంట్" రావచ్చు. ఆప్షన్‌కు, విలువకు మధ్య ఖాళీ బదులు సమానం గుర్తు పెట్టండి. నార్గ్స్‌కు (ఎన్ని విలువలు తీసుకోవాలో చెప్పేదానికి) నక్షత్రం గుర్తు ఇచ్చిన ఆప్షన్ తర్వాత మామూలు ఆర్గ్యుమెంట్ పెడితే అదీ ఆప్షన్ కడుపులోకే పోతుంది, దాన్ని ముందుకు జరపండి.

స్క్రిప్టు బాగా నడుస్తూ --హెల్ప్ మాత్రం ట్రేస్‌బ్యాక్‌తో కూలిపోతే, ఏదో ఒక ఆప్షన్ హెల్ప్ వాక్యంలో శాతం గుర్తు ఉందేమో చూడండి. మండీ కమీషన్ గురించి రాసేటప్పుడు ఆ గుర్తు రావడం మామూలే. దాన్ని రెండుసార్లు రాస్తే సరిపోతుంది.

ఎనిమిదో అడుగు: రోజూ దానంతటదే నడిచేచోట పరీక్షించండి

ధరల స్క్రిప్టును ఎవరూ రోజూ చేత్తో నడపరు, లినక్స్‌లో క్రాన్‌కో, విండోస్ టాస్క్ షెడ్యూలర్‌కో, అంటే చెప్పిన టైముకు ప్రోగ్రాములు నడిపేవాటికి, అప్పగిస్తారు. క్రాన్‌కు ఆ పనులు రాసిచ్చే క్రాన్‌ట్యాబ్‌లో శాతం గుర్తు అంటే కొత్త లైను. తేదీ కోసం డేట్ కమాండు పెడితే మొదటి శాతం గుర్తు దగ్గరే మీ కమాండు తెగిపోతుంది. ప్రతి శాతం గుర్తు ముందు వెనక్కి వాలిన గీత పెట్టండి. టాస్క్ షెడ్యూలర్‌లో ప్రోగ్రామ్ పెట్టెలో పైథాన్ దారి మాత్రమే ఇచ్చి, స్క్రిప్టు పేరు, ఆప్షన్లు ఆర్గ్యుమెంట్స్ పెట్టెలో ఇవ్వండి.

అప్పగించే ముందు ఏ ఆప్షన్ లేకుండా ఒకసారి, --హెల్ప్‌తో ఒకసారి, కావాలనే స్పెల్లింగ్ తప్పిన ఆప్షన్‌తో ఒకసారి, ఫ్రేమ్‌వర్క్ ఆప్షన్ ఒకటి కలిపి ఒకసారి నడపండి. స్పెల్లింగ్ తప్పినది 2తో ఆగాలి. ఆగకపోతే ఆరో అడుగు మళ్ళీ చూడండి. ఈ నాలుగింటినీ మెయిన్‌కు లిస్టులు ఇచ్చి పైటెస్ట్‌లో రాసిపెట్టుకుంటే, ఫ్రేమ్‌వర్క్ వెర్షన్ మార్చిన రోజున తేడా వెంటనే తెలుస్తుంది.

చివరగా, పార్స్ అయిన వెంటనే విలువలన్నీ లాగ్ ఫైల్లో ఒక లైనుగా రాయించండి. ఆదోని నుంచి ఎవరైనా ఫోన్ చేసి "ధర తప్పు చూపిస్తోంది" అంటే, ఆ లైను చదివి వినిపించమనండి. మార్కెట్, పంట, తేదీ, యూనిట్ ఎలా చేరాయో అక్కడే ఉంటుంది.